తలుపుతో పాటు మోసుకొచ్చిన నంబరు

మా ఆయనకు కిడ్నీలు చెడిపోయి, వారానికి రెండుసార్లు మార్కాపురంలో మిషను మీద రక్తం శుద్ధి చేయించుకోవాల్సి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఆసుపత్రికి తీసుకుపోయే వ్యానే పెద్దదిక్కు. అది వచ్చే రోజు దాని వేళను బట్టే అన్నం వండుతాను, దాని వేళను బట్టే ఆయనకు స్నానం చేయిస్తాను. మా ఊరు కంభం నుంచి అర్ధవీడు పోయే దారికి కొంచెం లోపలికి ఉంటుంది. బస్సెక్కాలంటే రోడ్డు దాకా నడవాలి. ఆయన నడవలేడు. వ్యాను వేళకు రాకపోతే మిషను దగ్గర ఆయన వంతు ఇంకొకరికి పోతుంది. వంతు తప్పితే కాళ్ళు ఉబ్బుతాయి, ఆయాసం మొదలవుతుంది.

పాత డ్రైవరుకు నేను గుర్తులు చెప్పేదాన్ని. చర్చి దాటి ఎడమకు తిరుగు, బోరింగు వస్తుంది, దాని ఎదురుగా వేపచెక్క తలుపు. అంతే, వచ్చేవాడు. అతను మానేసి కొత్తవాడు వచ్చాడు. ఇతనికి గుర్తులు చెప్పబోతే వినలేదు. "అవన్నీ వద్దమ్మా, మీ ఇంటి డిజిపిన్ చెప్పండి సాలు" అన్నాడు.

నాకు తెలిసిన పిన్ను ఒక్కటే, ఉత్తరం మీద చివర వేసే ఆరు అంకెలు. అది మా ఊరందరిదీ. పక్క ఊళ్ళవాళ్ళదీ అదే. అది వేయకపోయినా ఉత్తరాలు వచ్చేవి, ఎవరు ఎవరికి ఏమవుతారో పోస్టుమ్యానుకు తెలుసు గనుక.

"మనకు ఒక పిన్ను ఉండాది గదా, మళ్ళీ ఇదేంది?" అని కోడలిని అడిగాను.

"అది ఊరిది అత్తా. ఇది కొత్తది. దేశం మొత్తాన్ని చిన్న చిన్న గడులుగా కోసినారంట. గడికొక నంబరు."

"దేశాన్ని కోసినారా? ఎవురు?"

"పోస్టాఫీసోళ్ళు. నిజంగా కోయలేదులే, ఫోన్లో."

నాకు అర్థం కాలేదు గానీ తల ఊపాను. కోడలు ఫోను పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగి ఒక నంబరు పట్టుకొచ్చింది. సగం ఇంగ్లీషు అక్షరాలు, సగం అంకెలు, పిల్లి పారాడినట్టు ఉంది. నోటికి వచ్చేది కాదు. అందుకని మావాడు ఎద్దుల కొమ్ములకు పూయగా మిగిలిన ఎర్రరంగుతో ద్వారబంధం పైచెక్క మీద దాన్ని పెద్దగా రాశాడు. డ్రైవరు అడిగినప్పుడల్లా తలుపు వైపు చూసి చదివితే సరిపోయేది. వ్యాను గడప ముందుకు వచ్చి ఆగేది. నాకు ఆ నంబరు మీద నమ్మకం కుదిరింది.

తర్వాత వానకు పాత ఇంటి మిద్దె కారడం మొదలుపెట్టింది. వాగు అవతల మాకున్న స్థలంలో మావాడు రెండు గదులు వేశాడు. మా ఇళ్ళల్లో ఇల్లు మారితే పాత తలుపునూ ద్వారబంధాన్నీ వదిలేసి పోరు. గోడ పోయినా గడప పోకూడదంటారు. మా మామ తన చేలో వేపచెట్టు కొట్టించి చేయించిన తలుపు అది. దాన్ని ఊడదీసి, పసుపు రాసి, బండి మీద వేసుకుని వాగు దాటించి కొత్త గోడకు నిలబెట్టాం.

తాపీమేస్త్రి పైకి చూసి, "ఈ ఎర్రరాత చెరిపి రంగేద్దామా మామా?" అని అడిగాడు.

"ఒద్దొద్దు. వ్యానోడికి కావాల అది" అన్నాడు మా ఆయన.

అందరం నిజమే అనుకున్నాం. రేషను కార్డు నంబరు మాతో వచ్చింది, గ్యాసు నంబరు వచ్చింది, ఫోను నంబరు వచ్చింది. ఇది మాత్రం ఎందుకు రాదు?

కొత్త ఇంట్లో చేరాక మొదటిసారి వ్యాను రావాల్సిన రోజు ఆయనను తయారు చేసి గడపలో కూర్చోబెట్టాను. ఫోను మోగింది.

"అమ్మా, వచ్చినా. పెద్దాయన్ని తీసుకుని బయటికి రాండి."

"బయటనే ఉండాం నాయనా. నువ్వు యాడుండావు?"

"మీ ఇంటి ముందరే."

అటూ ఇటూ చూశాను. ఇంటి ముందర కోడిపెట్ట ఉంది, వ్యాను లేదు.

"మా ఇంటి ముందర నేనుండా. నువ్వు లేవే!"

"తమాషాలొద్దమ్మా, టైమైపోతాంది. నంబరు మళ్ళీ చదువు."

కోడలు తలెత్తి ఒక్కొక్క అక్షరమే చదివింది.

"అదే గదా! నేను దాని మీదనే నిలబడుండా" అన్నాడు డ్రైవరు.

"మేము దాని కిందనే ఉండాం!" అని గడపలోంచి అరిచాడు మా ఆయన.

అవతల అతను వ్యాను దిగిన చప్పుడు వినబడింది. "ఈడ ఇల్లు లేదమ్మా. గోడలుండాయి, తలుపు లేదు. లోపల మేకలుండాయి" అన్నాడు.

అప్పటికీ నాకు తట్టలేదు. మేకలకు మా నంబరు ఎవరు ఇచ్చారా అనుకున్నాను. ఒకపక్క ఆయన వంతు దాటిపోతోంది. ఆయన కాలి మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి అట్లే ఉండిపోయింది. ఇంతలో ఫోనులో మా పాత వీధిలో దుకాణం పెట్టుకున్న సాయిబులావిడ గొంతు వినబడింది. ఆమె నన్ను వదినా అంటుంది.

"వదినా, మీ వ్యాను ఈడుంది. ఈ అబ్బాయి మేకల్ని ఎక్కించుకునేటట్లుండాడు!" అని నవ్వి, డ్రైవరుతో అంటోంది: "వాళ్ళ తలుపు బండెక్కి వాగవతలికి పాయె బాబూ. ఆ తలుపు పోయిన దోవనే నువ్వూ పో. పచ్చరంగు నీళ్ళ ట్యాంకీ కాడ అడుగు, ఎవురైనా చెప్తారు."

డ్రైవరు వచ్చేసరికి ముఖం ఎర్రగా ఉంది. దిగి మా తలుపు మీది రాతను తన ఫోనులోని నంబరుతో అక్షరం అక్షరం పోల్చి చూశాడు.

"ఇల్లు మారినామని చెప్పాల గదమ్మా!"

"నంబరు తెచ్చుకున్నాం గదా నాయనా."

"నంబరు నేలది. తలుపుది కాదు, మీది కాదు."

మా ఆయన వ్యానెక్కుతూ, "నేల యాడికి పోతాదని దానికి నంబరు? కదిలేది మనుసులు గదరా. మనుసులకు పెట్టాల" అన్నాడు. డ్రైవరు బండి తీశాడు. కంభం దాటేదాకా నేను ఆ మాటే ఆలోచిస్తూ కూర్చున్నాను. నా చిన్నప్పుడు మా నాయన మాది కర్నూలు జిల్లా అనేవాడు. తర్వాత ప్రకాశం అన్నారు. ఇప్పుడు మార్కాపురమే జిల్లా అంటున్నారు. ఉన్నచోటు నుంచి అడుగు కదలకుండానే మాకు ఇన్ని జిల్లాలు మారాయి. ఇల్లు కదిలితే మాత్రం నంబరు కదలదంట. ఏది నిలకడో ఏది కాదో నాకు పాలుపోలేదు.

మేము పోయేసరికి ఆయన వంతులో యర్రగొండపాలెం మనిషిని పడుకోబెట్టారు. నర్సమ్మ "ఎవరిదైనా ఖాళీ అయితే పిలుస్తా, కూర్చోండి" అంది. ఆయన బల్ల మీద ఒరిగి నోటితో గాలి పీల్చుకుంటున్నాడు. నేను వీపు రాస్తూ తలుపు వైపే చూస్తున్నాను. పొద్దు బాగా వాలాక పిలిచారు. ఆయన చేతిలో సూది దిగి, గొట్టంలో రక్తం ఎర్రగా తిరగడం చూశాకే నాకు దప్పిక గుర్తొచ్చింది.

మర్నాడు కోడలు కొత్త నంబరు చూస్తానని ఫోను పట్టుకుని తిరిగింది. తిరిగి తిరిగి దిగాలుగా వచ్చింది.

"అత్తా, వంటింటికి ఒకటి చూపిస్తాంది, వాకిటికి ఒకటి, ఎనకాల దొడ్డికి ఇంకోటి. గడి శానా చిన్నదంట. ఏది చెప్పాల?"

"మీ మామ యాడుంటే అది చెప్పు."

"మామ మంచం పొద్దున చెట్టు కింద, ఎండొస్తే పంచలో, మాపటికి వాకిట్లో గదా."

చివరికి చెట్టు కింద గడి నంబరే ఇచ్చాం. వ్యాను వచ్చే రోజున మంచం అక్కడే ఉండాలని నేను కట్టడి చేశాను. కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదని డ్రైవరు నవ్వుతాడు గానీ నాకు ధైర్యం చాలదు. నీడ జరిగిపోయి ఎండ ఆయన కాళ్ళ మీదికి వస్తుంది. గొడుగు పట్టుకుని పక్కన నిలబడతాను.

"రవ్వంత అవతలికి జరిపితే ఏమైతాది?" అంటాడు ఆయన.

"పక్క గడి అయితాది."

"పక్క గడిలో పడుకుంటే నేను నేను కాదా?"

"నువ్వు నువ్వే. ఆ వ్యానుకు తెలియాల గదా" అంటాను. అది నిజమో కాదో నాకు తెలియదు. హారను వినబడేదాకా గొడుగు మాత్రం దించను.