వరసైనవాడే కదా అన్న మాట

ఈమధ్య మా చిన్నకోడలు ఉదయం పూట జడ వేసుకుంటూ అద్దంతో మాట్లాడుతోంది. చెప్పి మంచి పని చేశావు తల్లీ, ఇందులో నీ తప్పేమీ లేదు అని ఒకసారి మెల్లగా, మరోసారి ఇంకాస్త మెల్లగా అంటూంటే, పిల్లకు ఏ గాలైనా సోకిందేమోనని కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. తీరా చూస్తే తను ఆడపిల్లల హాస్టల్లో వార్డెను కదా, పిల్లలు సాటి పిల్లలతోనే హద్దు మీరి, చేయకూడని పనులు చేసినప్పుడు పెద్దవాళ్ళు ఎలా మసలుకోవాలో ఇక్కడే అనకాపల్లిలో శిక్షణ ఇస్తున్నారట, మర్నాడు ఆ మాటలు అందరి ముందూ అని చూపించాలట. నవ్వి ఊరుకున్నాను గాని, నా మనసు మాత్రం కాఫీ చల్లారేదాకా ఎక్కడెక్కడో తిరిగి వచ్చింది.

నేనూ ఒకప్పుడు ఆ శిక్షణకు వెళ్ళినదాన్నే. మునగపాక హైస్కూల్లో తెలుగు పాఠాలు చెబుతూ రిటైర్మెంటుకు దగ్గర పడిన రోజులవి. మన తరం టీచర్లకు శిక్షణ అంటే ఏమిటో వేరే చెప్పాలా, ఫ్యాను కింద కుర్చీ, ఒక సంతకం, ఒక టీ, ఆపైన కునుకు. నేనూ ఆ ధీమాతోనే వెళ్ళాను. బెల్లం రోజులు కావడంతో మార్కెట్టు వైపు నుంచి తియ్యటి వాసన హాల్లోకి వచ్చి మా మధ్యే కూర్చునేది, కిటికీలో పలచటి చలికాలపు ఎండ ఉండేది, ఇప్పుడు తలుచుకుంటే అదంతా నేను చూసిందో కలగన్నదో తెలియదు. పిల్లల మనసులకు వైద్యం చేసే డాక్టరమ్మ ఒకావిడ టీచర్లనీ నర్సులనీ పోలీసులనీ కలిపి జంటలుగా కూర్చోబెట్టి, ఒకరు కష్టం చెప్పుకునే పిల్ల, ఒకరు వినే పెద్ద అంది. నా వంతుకు పిల్లగా బుర్రమీసాల కానిస్టేబులు వచ్చాడు. నేను పంతులమ్మనాయె, నోరు తెరుస్తూనే అక్కడికి ఎందుకెళ్ళావు అని గద్దించాను. నాటకమని తెలిసీ ఆ మనిషి తల దించుకుని మరి మాట్లాడలేదు. మీసాలున్న పోలీసే నోరు మూసేసుకుంటే పసిపిల్లలేం చెబుతారమ్మా అని డాక్టరమ్మ నావైపు చూసింది. నాకు కునుకు అక్కడితో ఎగిరిపోయింది.

ఆ మధ్యాహ్నమే నాతవరం నుంచి వచ్చిన నర్సమ్మ లేచి, "మా ఊళ్ళల్లో బావలు మరదళ్ళని ఆటపట్టిత్తారండి, పెద్దోళ్ళే నవ్వుతారు, దానికేటి సేత్తాం?" అని అడిగింది. మన వైపు సంగతి మీకు తెలియనిది కాదు. మేనమామ కొడుకు జడ లాగినా, చెయ్యి పట్టుకున్నా అదొక వేడుక, వరసైనవాడే కదా అంటే ఇక ఆ మాటకు తిరుగులేదు. డాక్టరమ్మ అంతా విని, అందరూ నవ్వుతున్నప్పుడు ఆ పిల్ల కూడా నవ్వుతుందా అని మాత్రం అడిగింది. నేను చూసిన పెళ్ళిపందిళ్ళన్నీ, గాజుల చేతులూ, పసుపు కాళ్ళూ, విరగబడి నవ్వే అత్తలూ నా కళ్ళముందు తిరిగాయి గాని, వాటిలో ఒక్క పిల్ల మొహమైనా గుర్తుకు రాలేదు. చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది.

ఆ ఏడు వేసవి రాకముందే, ఆరో తరగతి పిల్ల ఒకతె బడి వదిలాక కూడా బెంచీ మీంచి కదల్లేదు. తల్లి లేని పిల్ల, అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. మేనమామా, అతని కొడుకూ ఆ ఇంట్లోనే ఉంటారు. కుర్రాడు మా బళ్ళోనే తొమ్మిదో తరగతి. "ఇంటికెల్లను టీచర్" అంది. ఎందుకు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, కానిస్టేబులు దించుకున్న తల గుర్తొచ్చి మింగేసి, పక్కన కూర్చున్నాను. ముక్కలు ముక్కలుగా చెప్పింది. అదేమిటో ఇక్కడ రాయను, అది ఆట మాత్రం కాదు. ఇంట్లో చెప్పబోతే బావే కదా అని నవ్వేశారట.

హెడ్మాస్టరుగారూ నేనూ చట్టప్రకారం చెప్పవలసిన చోట చెప్పాం. మర్నాడు అమ్మమ్మ నిప్పులు కక్కుతూ వచ్చింది. "వరసైనోడే కదమ్మా, రేపు దీన్ని సేసుకోబోయేవోడే. పరువు తీసేత్తన్నారు. దీన్ని బడి మానిపించేత్తాను" అంది. బడి మానితే ఆ పిల్లకు ఇక పగలూ రాత్రీ ఆ ఇల్లే గతి. నాకు డాక్టరమ్మ మాటే గుర్తొచ్చింది. మీరంతా నవ్వినప్పుడు అది నవ్విందా అమ్మా అన్నాను. ముసలమ్మ మెట్టు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తరువాత లేచి, మనవరాలి పుస్తకాల సంచీ తనే భుజాన వేసుకుని, దాన్ని తరగతిగది దాకా దిగబెట్టింది.

డాక్టరమ్మకు ఈ సంగతి చెబుతూ నేను ఆ కుర్రాణ్ణి రాక్షసుడని తిట్టబోతే, వాడూ పిల్లాడే, వాడికి ఎవరు ఏం చూపించారో ముందు అడగండని ఆవిడ నన్నే ఆపింది. తండ్రి వాణ్ణి తీసుకుని అనకాపల్లిలో వేరే కాపురం పెట్టాడు, డాక్టరమ్మ దగ్గరికి చాలాకాలం తిప్పాడు. పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉండి మా బళ్ళోనే పదో తరగతి పాసయింది.

కొన్నేళ్ళ తరువాత ఆ ముసలమ్మ కంటి ఆపరేషనుకు అనకాపల్లి వచ్చి, నల్ల కళ్ళద్దాలతోనే మా ఇంటికి వచ్చింది. మనవరాలి కాలేజీ కబుర్లు బోలెడు చెప్పి, ఉన్నట్టుండి, "నాకూ ఉండేవోడమ్మా ఒక బావ" అంది. నేనేమీ అడగలేదు. "ఆ రోజు నువ్వడిగేవు సూడు, అది నవ్విందా అని. నానైతే నవ్వేసేదాన్నమ్మా. నవ్వకపోతే తన్నేవోరు" అంది.

పిల్లల్ని అడిగేవాళ్ళు ఈనాడు తయారవుతున్నారు, అద్దాల ముందు నిలబడి మరీ నేర్చుకుంటున్నారు, సంతోషమే. పందిళ్ళలో అందరితోపాటు నవ్విన మన కాలపు ఆడపిల్లల్ని మాత్రం ఎవరూ అడగలేదు, ఇప్పుడు అడుగుదామన్నా వాళ్ళలో చాలామంది లేరు.