పిన్ని దగ్గరి పిన్నీసు

కంప్యూటర్ల షాపు బాబాయి పోయారని, విస్సన్నపేట వెళ్ళే బస్సులో ఉండగా ఫోనొచ్చింది. గుండెపోటట. అయ్యో బాబాయీ అని బస్సులోనే ఏడ్చేశాను. దాచడమెందుకు, ఆ ఏడుపులోనే ఇంకో దిగులూ పట్టుకుంది. మా నాన్న గొంతున్న సీడీ ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఆయన మాకు చుట్టం కాదు. తిరువూరులో మా పక్కిల్లు, ముందు గదిలోనే షాపు. వరస కలుపుకుని బాబాయీ, పిన్నీ అని పిలిచేవాళ్ళం. ఆ సీడీ నా పెళ్ళిది. అందులో నాన్న మైకు లాక్కుని, "భోంచెయ్యకుండా కదిలారంటే నా మీదొట్టే!" అని అరుస్తాడు. నాన్న పోయాక ఆ గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. పెన్‌డ్రైవులోకి ఎక్కించమని బాబాయికి ఇచ్చాను.

"ఇప్పటి కంప్యూటర్లకి నోళ్ళు లేవమ్మాయ్. నాదొక్కటే నోరు తెరుస్తుంది" అనేవారు, సీడీ పెట్టే ట్రేని చూపించి. ఏం తెరుస్తుంది! బటను నొక్కితే లోపల గుర్రుమనేది, అంతే. అప్పుడు ట్రే కింద ఉండే సన్నటి కన్నం చూసుకుని, "మీ పిన్నినడుగు, పిన్నీసిస్తుంది" అనేవారు. పిన్ని సూత్రాల గొలుసుకి ఎప్పుడూ నాలుగైదు వేలాడుతుండేవి. "నా పిన్నీసులన్నీ ఈ దిక్కుమాలిన పెట్టెకే!" అని విసుక్కుంటూనే ఒకటి తీసిచ్చేది. ఆయన దాన్ని తిన్నగా సాగదీసి కన్నంలో పొడిస్తే ట్రే బయటికొచ్చేది. "చూశావా, ఇది కూడా మీ పిన్ని మాటే వింటుంది" అని నవ్వేవారు.

సీడీ తుడవడంలో మాత్రం మహా పట్టింపు. పాత పంచె ముక్కతో మధ్యలోంచి అంచుకి తుడవాలి. నేనోసారి గుండ్రంగా తిప్పితే, "అది దోసె కాదమ్మాయ్!" అని కసిరారు. ఇప్పటికీ దోసె వేస్తుంటే నవ్వొస్తుంది.

పెద్దకర్మ అయ్యాక వెళ్ళాను. ఆ కంప్యూటర్ని పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామని గుమ్మంలో పెట్టారు. స్విచ్చి వేసినా లేవట్లేదట. పిన్ని బోసి మెడ చూశాక సీడీ మాటెత్తడానికి నోరు రాలేదు.

తనే అంది. "మీ నాన్న సీడీ అందులోనే ఉందే. ఆ పొద్దున ట్రే రావట్లేదు, పిన్నీసియ్యవే అన్నారు. పొయ్యి మీద కూరుంది, కాసేపాగండి అన్నాను. కూర దించి వచ్చేసరికి..."

ఇద్దరం ఏడ్చాం. కాసేపటికి పిన్ని కళ్ళు తుడుచుకుని పైట సర్దుకుంది. పిన్నీసులన్నీ ఆ పైటకే ఉన్నాయి. "సూత్రాలు తీసేశారు. ఇవి మాత్రం నేనే ఇమ్మన్నాను" అంది.

ఒకటి తీసి, తనే సాగదీసి, ఆ కన్నంలో పొడిచింది. ట్రే కొంచెం బయటికొచ్చింది. మిగతాది చేత్తో లాగి, సీడీని పైటకొంగుతో మధ్యలోంచి అంచుకి తుడిచి నా చేతిలో పెట్టింది. దాన్ని ఆడించే డ్రైవు ఎక్కడో ఒకచోట దొరక్కపోదు.

ఒకసారి సాగదీసిన పిన్నీసు మళ్ళీ మూతపడదు. పిన్ని దాన్ని పారెయ్యలేదు. అలా తిన్నగా ఉన్నదాన్నే మళ్ళీ పైటకి గుచ్చుకుంది.