కాలవలో కలిపిన ముక్కలు

తాడేపల్లిగూడెం రైసుమిల్లులో ఆయిలింజను చక్రం పగిలి డ్రైవరు చనిపోయాడు. ఏలూరు నుంచి ఇంజన్ల మేస్త్రీ రైలు దిగి వచ్చేసరికి, మిల్లువాళ్లు గది కడిగి, పసుపునీళ్లు చల్లి, గుమ్మడికాయ కొట్టేశారు.

ఎక్కడ ఇంజను పగిలినా ఆయన ముందు గోనెపట్టా పరిచేవాడు. ముక్కలన్నీ ఏరి, అంచుకు అంచు చేర్చి చూసేవాడు. "ఊడవకండి బాబూ, ఎందుకు పగిలిందో అవే చెబుతాయి" అనేవాడు.

ఆ రోజు పట్టా చంకలోనే ఉండిపోయింది.

"ముక్కలేవండీ?"

"అశుభమని కాలవలో కలిపేశామండీ," అన్నాడు గుమాస్తా. "అయినా పోయిన మీ తమ్ముడే జోరుగా తిప్పాడంటున్నారు కదండీ."

"వాడి తప్పో, ఇనుములో పాత పగులో చూద్దామనండీ."

కాలవకు నీళ్లు కట్టేసిన ప్రతి వేసవిలో ఆయన వచ్చి బురదలో వెతికాడు. ఇరుసు దగ్గరి ముక్క తప్ప అన్నీ దొరికాయి. పట్టా మీద చేర్చి చూస్తే, చక్రం పగలడం మొదలైంది అక్కడే. తప్పు తమ్ముడిదో, ఇనుముదో ఇప్పటికీ తేలలేదు.