మాణిక్యాంబ గారు చూపించిన ఇళ్లు

అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిన వాటాకి నిన్న వెల్ల వేయించాను. తడి సున్నం వాసన తగలగానే మాణిక్యాంబ గారు గుర్తొచ్చారు. ఏ ఇంటికి వెల్ల వేయించినా అంతే, పనివాళ్లకి డబ్బిచ్చి త్వరగా బయటపడతాను.

ఆవిడ రాజమండ్రిలో మా ఆఫీసు సూపరింటెండెంటు. భర్త పోయాక ఆయన ఉద్యోగం ఆవిడకి వచ్చింది. పిల్లల్లేరు. నేను గుమాస్తాగా చేరేనాటికి ఆవిడకి రెండు ఇళ్లు. మొదటిది జీతం మీద అప్పు తెచ్చి కట్టారు, దాని పై వాటాలో తానే ఉండేవారు. రెండోది ఆ ఇంటిని తాకట్టు పెట్టి కొన్నారు. అద్దెలే వాయిదాలు కట్టుకుంటాయి అనేవారు. నా జీతమంతా చీరలకి పోవడం చూసి ఊరుకోలేక, ఓ శ్రావణమాసం కుండపోత వానలో నన్ను ఆటో ఎక్కించి, అమ్మకానికున్న పాత ఇంటికి తీసుకెళ్లారు. ఎండలో అన్ని ఇళ్లూ బాగానే కనిపిస్తాయట. కొత్తగా వేసిన వెల్ల కింద చెమ్మ ఉందేమోనని ప్రతి గోడకీ అరచెయ్యి ఆనించి చూశారు. ఉప్పగా ఉన్నాయేమోనని కుళాయి నీళ్లు పుక్కిలించి ఊశారు. ఆ ఇల్లు వద్దన్నారు. అలా పదకొండు చూశాక పన్నెండోది కొనిపించారు. బ్యాంకులో నాకు హామీ సంతకం పెట్టిందీ ఆవిడే.

రిటైరయ్యే ముందు మూడో అప్పు చేశారు. హైవే పక్కన ఇంజనీరింగ్ కాలేజీకి దగ్గర్లో, విద్యార్థులకి అద్దెకివ్వడానికి మూడంతస్తుల భవనం. రెండు ఇళ్లూ ఆ అప్పుకే పూచీ. ఇంత ఒకేసారి ఎందుకండీ అని అడిగాను.

"భయపడితే జీతం దగ్గరే ఉండిపోతావమ్మాయ్."

మూడేళ్లకి ఆ కాలేజీ చేరేవాళ్లు లేక మూతపడింది. గదులు ఖాళీ అయ్యాయి. పెన్షను వాయిదాలకి చాలలేదు. బ్యాంకువాళ్లు ముందు భవనాన్ని, తరవాత రెండు ఇళ్లనీ వేలానికి పెట్టారు.

ఆవిడ మొదటి ఇంటిని వేలంలో కొన్నది నేను. ఎలాగూ ఎవరో ఒకరు కొంటారు కదా అని సర్దిచెప్పుకున్నాను. అది నిజమే. ధర బాగా తక్కువన్నదీ నిజమే. ఆవిడకి మాత్రం ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు.

బ్యాంకు తాళాలిచ్చిన రోజు, అప్పటికే పై వాటా ఖాళీ చేసేసిన ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. ఇల్లంతా తిప్పి, మోటారుకి గాలి పట్టేస్తే నీళ్లెలా పొయ్యాలో, ట్యాంకు వాల్వు ఎటు తిప్పాలో చూపించారు. కింద వాటావాళ్లని పదో తారీఖు దాకా అద్దె అడగొద్దన్నారు. తరవాత మెట్ల మీద కూర్చుని, నా వైపు చూడకుండా అన్నారు.

"పై వాటా ఖాళీయే కదా. నాకు అద్దెకిస్తావా?"

నేను వెంటనే సరేననలేదు. పెన్షనులో అద్దె ఎంత ఇవ్వగలరు, ఇవ్వలేని నెల ఏ మొహంతో అడగను అని ఆలోచిస్తున్నాను. ఆవిడ నా వైపు తిరిగారు.

"వద్దులే. ఖాళీ చెయ్యమని మనం అడగలేని మనిషికి ఇల్లివ్వకూడదు. నేనైనా ఇవ్వను."

ఆ సాయంత్రమే పిఠాపురంలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయారు. రెండేళ్లకి అక్కడే పోయారు. పెద్దకర్మ అయ్యాక గానీ నాకు తెలియలేదు.

ఇప్పుడు నాకు నాలుగు ఇళ్లున్నాయి. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు, ఎలా కొన్నారండీ అని అడుగుతుంటారు. ఆవిడ పేరు చెబుతాను, ఆ మెట్ల దగ్గరి సంగతి చెప్పను. వద్దులే అన్నప్పుడు నాకు సిగ్గెయ్యాల్సింది. వెయ్యలేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య మనసులోనే ఆగిందో, నా మొహంలో ఆవిడకి కనిపించిందో ఇప్పటికీ తెలియదు.