డబ్బా వెనక కన్నం

ఆయన్ని వీధిలో అందరూ డబ్బాల మేస్త్రి అంటారు. కార్ల డిక్కీల్లో సబ్‌వూఫర్లకి, అంటే బేస్ పలికే పెద్ద స్పీకర్లకి, చెక్క డబ్బాలు కట్టడం ఆయన పని. పేరు వినడానికి చిన్నగా ఉంటుంది గానీ పని అంత చిన్నదేం కాదు. స్పీకర్ ఎవరైనా కొనుక్కోగలరు, దాన్ని కూర్చోబెట్టే గది అందరూ కట్టలేరు. డబ్బా లోపల గాలికి ఎంత చోటుండాలి, ఆ గాలి బయటికి రావడానికి కన్నం ఎంత వెడల్పుండాలి, కన్నం వెనక గొట్టం ఎంత పొడవుండాలి, ఇవన్నీ కుదిరితేనే బేస్ లోతుగా దిగుతుంది. కుదరలేదా, ఎవరో రేకు తలుపు బాదుతున్నట్టే ఉంటుంది.

ఆ డబ్బాలకి తొడుగు వేసేది ఆయన భార్య. షెడ్డులో ఆ సగం ఆమెది: కత్తెరలు, జిగురు, రెక్సిన్ చుట్టలు. ఆమె చెయ్యి పడితే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. అయితే ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా కారెక్కి ఆ మోత విన్నది లేదు. రమ్మంటే, "నీ దడదడకో దండం" అని రెండు చేతులూ జోడించేది.

ఈమధ్య మేస్త్రిని ఒక దిగులు పట్టుకుంది. ఇంటి బెల్లు మోగినా తెలియడం లేదు. చెవుల డాక్టరు పరీక్ష చేసి, ఇన్నాళ్ళు ఆ మోతలో కూర్చుంటే ఇంకేమవుతుందన్నాడు. సన్నటి చప్పుళ్ళు ముందు పోతాయని, లావు చప్పుళ్ళు చిట్టచివరికి గానీ పోవని చెప్పాడు. మేస్త్రి ఆ చివరి మాటని గట్టిగా పట్టుకుని ఇంటికొచ్చాడు. భార్యతో కిమ్మనలేదు. బేస్ వినిపించినంత కాలం పనికి ఢోకా లేదు, అదీ పోయిననాడు మానేసి ఇంట్లో కూర్చోవాలి.

అలాంటి రోజుల్లోనే టాక్సీ నడిపే ఒకాయన తన కారుకి డబ్బా కట్టించుకోవడానికి వచ్చాడు.

"మేస్త్రీ, బేస్ చెవికి కాదు, సీటుకి తెలియాలి. కన్నం మాత్రం సీటు వైపు పెట్టు. బయటి వైపైతే సామాన్లు అడ్డం పడతాయి."

మేస్త్రి ప్రాణం పెట్టి చేశాడు. భార్య నల్ల రెక్సిన్ తొడిగింది. ఇద్దరూ చెరో పక్కా పట్టి డబ్బాని డిక్కీలోకి ఎక్కించారు. టాక్సీ ఆయన వచ్చేలోగా ఒకసారి చూద్దామని మేస్త్రి ఒక్కడే కూర్చుని, ఎప్పుడూ పరీక్షకి పెట్టే పాట పెట్టాడు.

బేస్ రాలేదు.

పాట ఉంది, దరువూ ఉంది, వాటి అడుగున ఉండాల్సింది లేదు. సౌండ్ పెంచాడు. వైర్లన్నీ తడిమి చూశాడు. అంతా సరిగ్గానే ఉంది. తన చేతి మీద ఆయనకెంత నమ్మకమంటే, డబ్బా మీదికి అనుమానమే పోలేదు. పోయింది చెవే అనుకున్నాడు. స్టీరింగు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

భార్య వచ్చి కిటికీలోంచి చూసింది. "ఏంటయ్యా, ఆ మొహమేంటి?"

ఇక దాచలేకపోయాడు. బెల్లు సంగతి, డాక్టరు మాట, ఇప్పుడీ బేస్, మొత్తం కక్కేశాడు. ఆమె తిట్టలేదు. జీవితంలో మొదటిసారి వెనక సీట్లోకి ఎక్కి కూర్చుంది.

"నాకూ పాట తప్ప ఇంకేం తెలియట్లేదు" అంటూ వెనక్కి తిరిగి, సీటు వంచి తొంగి చూసింది. "ఇదేంటి, నా రెక్సిన్ బుగ్గలు పూరిస్తోందేం?"

మేస్త్రి ఒక్క ఉదుటున వచ్చి చూశాడు. డబ్బా వెనక, సీటు వైపు, గుండ్రంగా ఒకచోట రెక్సిన్ ఉబ్బుతోంది, అణుగుతోంది.

"కన్నం మూసేశావా?"

"ఎప్పుడైనా వెనక కన్నం పెట్టావా నువ్వు? పొరపాటున కోశావనుకున్నా. నలుగురిలో నీ పరువు పోతుందని, నీక్కూడా చెప్పకుండా కప్పేశా."

మేస్త్రికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బ్లేడు తెచ్చి ఆ రెక్సిన్‌ని చుట్టూ కోసేశాడు. మళ్ళీ పాట పెట్టాడు.

ఈసారి బేస్ వచ్చింది, ఒక్క చెవికే కాదు. ముందు పాదాల కిందికి వచ్చింది. అక్కణ్ణుంచి మోకాళ్ళలోకి, కడుపులోకి, పక్కటెముకల్లోకి ఎక్కింది. అద్దంలో షెడ్డు గోడ వణికింది. నాలుగు చెక్క పలకల్లో పట్టిన గాలి ఇంత పెద్దదవుతుందా! ఇన్నేళ్ళు తన చేతులతోనే చేసిన మేస్త్రికి కూడా ఒళ్ళు జలదరించింది. ఆమె ముందు సీటుని రెండు చేతులా వాటేసుకుంది.

"అమ్మో" అంది. చాలాసేపటికి, "ఇన్నాళ్ళూ నువ్వు చేస్తున్నది ఇదా!" అంది.

"వినిపించిందే నాకు" అన్నాడు మేస్త్రి. కళ్ళు తుడుచుకుని పాట ఆపాడు.

"ఇది పోదన్నాడా డాక్టరు?"

"చిట్టచివరికి గానీ పోదు."

"మరి నా గొంతు?"

ఆమెది సన్నటి గొంతు. "అది... ముందే పోతుందే" అన్నాడు మేస్త్రి.

ఆమె గొంతు సవరించుకుంది. గడ్డం గుండెకి ఆనించి, కడుపులోంచి, మగగొంతుతో, "ఏవయ్యా! భోజనానికి రావా?" అంది. అని, తన గొంతుకి తనే బిత్తరపోయింది.

మేస్త్రి నవ్వలేదు. కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి, పనిలో ఉన్నప్పుడు వినే తీరుగా విన్నాడు.

"ఇంకాస్త కిందికి దించు" అన్నాడు.

ఆమె దించింది.