దండెం మీది శరత్తు

ఇంగ్లీషు పుస్తకంలో ఆటమ్, అంటే శరత్తు, అన్న పాఠం పక్కన ఎర్రటి ఆకులు రాలుతున్న బొమ్మ ఉండేది. లవీనా ఆ బొమ్మను ఆరో తరగతిలో మొదటిసారి చూసింది. ఇప్పుడు పన్నెండో తరగతికొచ్చింది. ఇన్నేళ్లలో అలా ఎర్రబడిన చెట్టు ఒక్కటీ దీవుల్లోని హోప్ టౌన్‌లో ఆమెకు కనబడలేదు. అయినా ఏ కాలం ఇష్టమని ఎవరడిగినా ఆటమ్ అనే చెప్పేది.

"లేని కాలాన్ని ఎలా ఇష్టపడతావు దీదీ?" అని పక్కింటి పిల్లలు ఏడిపించేవారు.

"ఉంది. దండెం మీద ఉంది," అనేది లవీనా.

అది నిజమే. వాళ్ల ఇల్లు కొండకూ నీళ్లకూ మధ్య ఉంది. ముంగిట్లో కొబ్బరిచెట్టుకూ పనసచెట్టుకూ కట్టిన దండెం. వానలున్నన్నాళ్లూ గాలి నీళ్ల మీంచి వచ్చి, బట్టల్ని ఇంటి వైపు ఎగరేస్తుంది. చీరలు గోడకు తగులుతూ ఏదో విన్నవించుకుంటున్నట్టు ఉంటాయి. వానలు వెనక్కి తగ్గాక ఒకరోజు అవే చీరలు ఇటు నుంచి అటు తిరిగి రేవు వైపు చేతులు చాస్తాయి. ఆకాశం కడిగిన గిన్నెలా అవుతుంది. అవతలి ఒడ్డున హాడో రేవు క్రేన్లు దగ్గరికి జరిగినట్టు కనబడతాయి. ఆ కొద్ది రోజులూ లవీనాకు ఎక్కడికో వెళ్లాలనీ, ఎక్కడికీ వెళ్లకూడదనీ ఒకేసారి అనిపిస్తుంది.

ఆ ఊరి తెలుగు చర్చికీ ఆ దండేనికీ సంబంధం ఉంది. అక్కడ కోత పండుగకు తారీఖు ఉండదు. గాలి తిరిగాక వచ్చే ఆదివారమే పండుగ. పూర్వం ఒకసారి తారీఖు పెట్టుకుంటే, డిగ్లీపూర్ నుంచి బంధువులు తెచ్చిన వరి వెన్నులు చర్చి మెట్ల మీదే తడిసి మొలకెత్తాయట. అప్పటినుంచి గాలిని అడిగాకే పండుగ. గాలిని అడిగేది లవీనా నాన్నమ్మ ఎలీసబెతు. ఆమె చెబితే పాస్టరు గారు డిగ్లీపూర్‌కు ఫోన్ చేస్తారు, అక్కడ కొడవళ్లు కదులుతాయి.

ఈ ఏడు నాన్నమ్మకు కంటి ఆపరేషన్ అయింది. హాడోలో కూతురి క్వార్టర్స్‌లో నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. ఆ క్వార్టర్స్ మధ్య గాలి ఏ సందులోంచి వస్తుందో దానికే తెలియదు. లవీనా నాన్న జీవరాజు రేవులో, అమ్మ ఆసుపత్రిలో పని; ఇద్దరూ ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది.

"ఈసారి నువ్వు సూడు," అంది నాన్నమ్మ. "తొందరపడకు. నీ మాట మీద అంత దూరం నుంచి జనం బస్సెక్కుతారు."

లవీనాకు గుండె నిండిపోయింది. వచ్చే ఏడు ఈపాటికి తను విశాఖలో ఏదో హాస్టల్లో ఉంటుంది. ఇదే చివరి పండుగ కావచ్చు. కానీ ఇదే పన్నెండో తరగతి కూడా. బడి, ఆ తర్వాత హాడోలో ఉమేష్ సర్ ఫిజిక్స్ ట్యూషన్. దీవుల్లో సూర్యుడు మెయిన్‌ల్యాండ్ గడియారాన్ని లెక్కచేయడు. ఐదు దాటగానే మునిగిపోతాడు. ట్యూషన్ వదిలి ఇంటికి ఫెర్రీ పడవ ఎక్కేసరికి చీకటి. ఏడాదంతా ఎదురుచూసిన కాలం వచ్చింది, దాన్ని చూసే సాయంత్రమే లేదు.

ఒక బుధవారం పొద్దున్నే యూనిఫాం ఆరేయడానికి వెళ్లింది. తెల్లచొక్కా చేతులు రేవు వైపు ఊగాయి. లవీనా చూస్తూ నిలబడిపోయింది. తిరిగిందా? తిరిగినట్టే ఉంది. ఈ ఆదివారమే పండుగయితే తొలి ప్రీబోర్డ్‌కు ఇంకా వారం ఉంటుంది. పండుగ పండుగే, పరీక్ష పరీక్షే. ఫెర్రీకి పరిగెడుతూ దారిలో పాస్టరు గారికి చెప్పేసింది.

మధ్యాహ్నం బడి వదలగానే నాన్నమ్మ దగ్గరికి వెళ్లింది.

"తిరిగింది నాన్నమ్మా."

"ఏ పూట సూసావే?"

"పొద్దున. చొక్కా నీళ్లకేసి ఎగిరింది."

ఎలీసబెతు టీలో రొట్టె ముంచుకుంది. "పొద్దున సంగతి నాకేటి తెల్దు. నానెప్పుడూ పొద్దుగుంకే ముందు బట్టలు తీసేటప్పుడే సూసీదాన్ని. పొద్దున్నపూట పొయ్యి కాడే ఉండీదాన్ని కదా."

"రెండు పూటలా గాలి వేరే ఉంటుందా?"

"ఏమో మరి. సదివేది నువ్వు."

ఆ ప్రశ్న లవీనాతో పాటు ట్యూషన్‌కు వచ్చింది. ఉమేష్ సర్ బోర్డు మీద లెన్సులు గీస్తుంటే చేయెత్తింది.

"సర్, పొద్దున గాలి కొండ మీంచి నీళ్లకేసి వీస్తోంది. సాయంత్రం కూడా అలాగే వీస్తుందా?"

"బోర్డ్ పరీక్షలో రాదు అది. ఛోడో, వదిలెయ్," అన్నాడు ఉమేష్ సర్. మళ్లీ లెన్సు వైపు తిరిగాడు. సుద్దముక్క మధ్యలో ఆగింది. "ఏ ఒడ్డు?"

"హోప్ టౌన్. వెనకాల కొండ, ముందు నీళ్లు."

లెన్సు పక్కనే కొండ వెలిసింది. "రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది. నీళ్లు చల్లబడవు. అప్పుడు తెల్లవారుజామున గాలి కొండ దిగుతుంది. వానాకాలంలో కూడా, మబ్బు లేని రాత్రయితే. కాబట్టి పొద్దున చూస్తే..." ఆయన ఆగాడు. "నువ్వు పొద్దునే చూశావు కదూ?"

"పొద్దున చూసి చెప్పేశాను సర్."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. లవీనాకు నవ్వు రాలేదు. ప్రతిరోజూ కొండ దిగి నీళ్ల దగ్గరికి వెళ్లే గాలి ఉందా? తను పుట్టిన ఇంటి ముంగిట్లోంచే వెళుతోందా? పట్టుబడ్డానన్న భయం కంటే ముందు ఆ ఆశ్చర్యం వచ్చింది. ఆ తర్వాత భయం వచ్చింది.

"సర్, నేను ఇప్పుడే వెళ్లాలి. ఎండ ఉండగా."

"ప్రీబోర్డ్ దగ్గర పెట్టుకుని గాలి చూడ్డానికా?"

"గాలి చూడ్డానికే సర్."

ఆయన గుమ్మం వైపు చేయి చూపించాడు, బోర్డు మీది కొండను మాత్రం తుడవలేదు.

ఫెర్రీ దిగి ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా కొబ్బరి మట్టల మీద ఉంది. దండెం మీద చొక్కా ఇంటి వైపుకే ఎగురుతోంది. చేతులు రెండూ గోడకేసి, ఎప్పటిలాగే. నీళ్ల మీద నల్లటి మబ్బు అంచు.

తిరగలేదు.

మెట్టు మీద కూర్చుంది. ఈ మాట చెబితే పండుగ పై ఆదివారానికి పోతుంది. అదీ నిజంగా గాలి తిరిగితేనే. ఆ మర్నాడే ఫిజిక్స్ పరీక్ష. ఊరుకుంటే? వాన పడితే వాన తప్పు. పడకపోతే ఎవరికీ తెలియదు. పొద్దున తను చూసింది గాలినా, తనకు కావలసిన ఆదివారాన్నా? ఆ ప్రశ్నకు జవాబు దొరికేసరికి వేలు ఫోన్ మీద ఉంది. పాస్టరు గారికి చెప్పింది. తర్వాత డిగ్లీపూర్‌లో కెల్విన్ బాబాయికి తనే చేసింది.

"బాబాయ్, తప్పు చెప్పాను. కొయ్యకండి."

"అరే, వాతావరణ శాఖ మేడమ్ గారూ. కొడవలి నూరుకుని కూర్చున్నాం గదే."

"కోసేశారా?"

"రేపు పొద్దున కోద్దామని. బచ్ గయా, బతికిపోయాడు మీ బాబాయి. మళ్లీ ఎప్పుడంటావు?"

"తెలియదు. చూసి చెప్తాను."

"ఈసారి పక్కా చూడు బేటా. నీ మాట మీద గుమ్మడికాయ కూడా బస్సెక్కుద్ది."

ఆ శనివారం వాన మొదలై ఆదివారమంతా పడింది. చర్చి మెట్ల మీంచి నీళ్లు కాలవ కట్టాయి. వెన్నులు లేని ఆ మెట్లను లవీనా కాసేపు చూసింది.

సోమవారం ఉమేష్ సర్ దగ్గరికి వెళ్లి, తనను పొద్దుటి బ్యాచ్‌లో వేయమంది.

"మొదటి ఫెర్రీకి రావాలి. లేస్తావా?"

"సూర్యుడు లేస్తాడు కదా సర్, నేనెందుకు లేవను?"

జీవరాజు ఆ రాత్రి అన్నం కలుపుతూ, "నీకు చదువా, గాలా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"రెండూ ఒకటే పుస్తకంలో ఉన్నాయి నాన్నా."

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఆమెవి. ఒళ్లో పుస్తకం, ఎదుట దండెం. మంగళవారం చొక్కా ఇంటి వైపే ఎగిరింది, కాస్త నీరసంగా. బుధవారం మధ్యమధ్యలో ఆగింది. గురువారం అసలు కదలలేదు. నిలువునా వేలాడింది, ఎవరో లోపలికి పిలిస్తే వెళ్లాలా వద్దా అని నిలబడ్డ మనిషిలా. నీళ్లూ కదలలేదు. హాడో క్రేన్లు తలకిందులుగా నీళ్లలో నిలబడ్డాయి. ఇలాంటి ఒక రోజు ఉంటుందని లవీనాకు ఎవరూ చెప్పలేదు. ఏ పుస్తకమూ దీనికి బొమ్మ వేయలేదు. ఇటు గాలి అయిపోయింది, అటు గాలి ఇంకా పుట్టలేదు. తను ఇన్నేళ్లూ ఇష్టపడింది ఈ రోజునేనా?

శుక్రవారం ఎండ వాలుతుండగా పనసాకులు వెనక నుంచి గలగలమన్నాయి. మెడ వెనక చల్లగా తగిలింది. చొక్కా ఒకసారి ఉబ్బి, పడి, మళ్లీ ఉబ్బింది. చేతులు రెండూ మెల్లగా లేచి రేవు వైపు తిరిగాయి. అటే ఓడలు ఆగే చోటు. లవీనా లేవలేదు. గాలి మనసు మార్చుకుంటుందేమోనని చూస్తూ కూర్చుంది. అది మార్చుకోలేదు.

ఫోన్‌లో నాన్నమ్మ గొంతు వినబడింది. "ఏటే?"

"తిరిగింది."

"ఏ పూట?"

"ఇప్పుడే. ఇంకా ఎండ ఉంది. మెడ వెనక నుంచి వస్తోంది."

అవతల పొడుగ్గా ఊపిరి వినిపించింది. నాన్నమ్మ ఆ గాలిని ఫోన్‌లోంచి తీసుకుంటున్నట్టు.

"అయితే ఎల్లుండే పండగ."

"సోమవారం ఫిజిక్స్ నాన్నమ్మా."

"గాలికి సెప్పి సూడు మరి, ఏటంటాదో."

లవీనా నవ్వి, పాస్టరు గారి నంబరు నొక్కింది. మోగుతుండగా ఒక చేత్తో చొక్కా అంచు పట్టుకుంది. ఆరిపోయింది. అయినా తీయలేదు, ఇంకాసేపు ఎగరనిచ్చింది.