వడ్రంగి ఇంటి తలుపు

ఊరందరికీ తలుపులు బిగించే వడ్రంగి ఇంటికి మూడేళ్లుగా తలుపు లేదు. అప్పట్లో ఇల్లు పొరబడి వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టరు ఉన్న తలుపును తన్ని పగలగొట్టి, ఆయన్ని చితకబాదాడు. కేసు వేసిన వడ్రంగి, సాక్ష్యం చెడుతుందని ఆ చెక్కలపై ఉలి ఆనించలేదు, గుమ్మానికి కొత్త తలుపూ బిగించలేదు. భయపడిన భార్య, తలుపు పెట్టాకే వస్తానని పుట్టింటికి వెళ్లింది. ప్రభుత్వం అనుమతివ్వనిదే అధికారిపై కేసు నడవదని నిన్న కోర్టు దాన్ని కొట్టేసింది.

పొద్దున్నే బావమరిది వచ్చాడు.

"ఇక ఆ ముక్కలు పొయ్యిలో పెట్టి, కొత్త తలుపు బిగించు బావా. అక్క వస్తానంటోంది."

వడ్రంగి పగిలిన పలక మీది బూటు అచ్చు చెరగకుండా, దాని చుట్టూ దుమ్ము తుడిచాడు.

"పైకోర్టు వాళ్లు చూడాలి కదరా."

"అక్కకేం చెప్పను?"

ఆయన పలకను జాగ్రత్తగా గోడకు ఆనించాడు.

"ఇంకొన్నాళ్లు అక్కడే ఉండమను."

బావమరిది నిట్టూర్చి చెప్పులేసుకున్నాడు. "వస్తా. తలుపేసుకో బావా," అని అలవాటుగా అనేసి, నాలుక కరుచుకున్నాడు.